పాత కాగితాల నుండి సమాచార సేకరణ: యంత్రానికి ముహద్దిసులు నేర్పగల పాఠం

2025లో వక్ఫ్ చట్టానికి జరిగిన సవరణ ప్రకారం వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ‘ఉమీద్’ అనే కేంద్ర పోర్టల్‌లో ఎక్కించవలసి వచ్చింది. ఆ పోర్టల్ 2025 జూన్ 6న ప్రారంభమైంది. ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఆ చట్టం మంచిచెడ్డలు న్యాయస్థానాల ముందుకు వెళ్ళాయి. ఆ చర్చ మరొక వ్యాసానికి తగిన విషయం. ఇక్కడ మనం ఆలోచించదలచినది అంతకంటె చిన్నదిగా కనిపించే ఒక చిక్కు. మసీదు కమిటీల వారు, దర్గాల ముతవల్లీలు పాత రేకుపెట్టెలు తెరిచి కూర్చున్నప్పుడు ఎదురైన చిక్కు అది.

అలాంటి పెట్టెలో ఏముంటుంది? ఇనాం పట్టా నకలు ఒకటి, కరణం గారి గొలుసుకట్టు రాతలో ఒక చీటీ, ఫార్సీ సనదుకు ఎవరో చేయించుకున్న తెలుగు తర్జుమా, శిస్తు రసీదులు, టైపు చేసిన కోర్టు తీర్పు, కౌలు కాగితం, ఉర్దూలో రెండు ఉత్తరాలు, ఉర్సు ఖర్చులు రాసుకున్న పుస్తకం. పోర్టల్ అడిగేదేమో గడులు గీసిన సమాచారం: ఆస్తి ఏ ఊళ్ళో ఉంది, విస్తీర్ణం ఎంత, సర్వే నంబరు ఏది, ముతవల్లీ ఎవరు. సమాధానాలు పెట్టెలో ఉన్నాయి. కాని గడుల్లో లేవు. ఉర్సు ఖర్చుల మధ్యలో ‘చెరువు కింద మళ్ళ శిస్తు’ అని రాసిన ఒక పంక్తే ఆ భూమికి మిగిలిన సాక్ష్యం కావచ్చు.

ఇలా గడులు లేని రాత నుండి గడుల్లోకి ఎక్కదగిన సమాచారాన్ని కంప్యూటరు చేత తీయించే విద్యను టెక్స్ట్ మైనింగ్ అంటారు. మైనింగ్ అంటే గని తవ్వడం. పేరు కొంచెం ఆడంబరంగా ఉన్నా పని మాత్రం ఓపిక పని. అది కేవలం వెతకడం కాదని పాఠకులు గుర్తించాలి. వెతికేవాడికి తాను వెతుకుతున్నది ఏమిటో ముందే తెలుసు. ఈ విద్య తెలియనిదాన్ని కూడా పైకి తెస్తుంది. 1986లో చికాగో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డాన్ స్వాన్సన్ వైద్య పత్రికల్లోని రెండు వేర్వేరు గుంపుల వ్యాసాలను పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక గుంపు చేపనూనె వల్ల రక్తం చిక్కదనం తగ్గుతుందని చెబుతున్నది. రెండో గుంపు, చలికి వేళ్ళు తెల్లబారే రేనాడ్ వ్యాధిలో రక్తం చిక్కబడి ఉంటుందని చెబుతున్నది. ఒక గుంపువారు రెండో గుంపువారి రాతలను చూసినట్లు లేదు. ఆ రెంటినీ కలిపి, ఈ వ్యాధికి చేపనూనె పనిచేయవచ్చునని స్వాన్సన్ సూచించాడు. తరువాత జరిగిన వైద్య పరీక్షలో ఆ సూచనకు కొంత బలం దొరికింది. ఆ మాట అంతకుముందు ఏ ఒక్క కాగితంలోనూ లేదు. రెండు కాగితాల మధ్య ఉంది.

మన పెట్టెలోనూ అంతే. పట్టాలో ఇనాందారు పేరు ఉంటుంది, సర్వే నంబరు ఉండదు. కోర్టు తీర్పులో సర్వే నంబరు ఉంటుంది, మసీదు పేరు ఉండదు. రెంటినీ కలపగల పేరు మూడో కాగితంలో దొరకవచ్చు.

పని మొదట చదవడంతో ప్రారంభమౌతుంది. అచ్చు కాగితాన్నైనా, టైపు కాగితాన్నైనా ఫొటో తీసి ఇస్తే కంప్యూటరు అక్షరాలు గుర్తిస్తుంది. గొలుసుకట్టు రాత దగ్గర అది తడబడుతుంది. ఆ మాటకొస్తే మనలోనూ ఆ రాత చదవగలవారు తగ్గిపోయారు. తెలుగు అంకెలు వాడిన పాత కాగితాల్లో ౨, ౩ ఒకదానికొకటి పొరపాటు పడితే సర్వే నంబరే మారిపోతుంది.

చదివిన తరువాత శుభ్రం చేయడం. మా పొందూరులో సన్ననూలు వడికే ఇళ్ళు చూసినవారికి ఈ దశ సులభంగా బోధపడుతుంది. ఇక్కడ పత్తిని గింజతో ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ళ మధ్య నలక నిలిచిపోయి పోగులు వరుసకు వస్తాయి. ఆ తరువాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చేసి అరటి డొప్పలో భద్రపరచడం, చివరకు రాట్నం. నూరో నంబరు నూలు కావాలంటే ఈ మొదటి దువ్వెన దగ్గర తొందర పనికిరాదు. కంప్యూటరు కూడా రాతను దువ్వుతుంది: పదాలను విడదీస్తుంది, విభక్తులను తొలగించి మూలరూపం పట్టుకుంటుంది, ప్రతి వాక్యంలోనూ వచ్చే ‘యొక్క’, ‘మరియు’ వంటి మాటలను నలక కింద తీసివేస్తుంది. ‘మసీదుకు’, ‘మసీదులోని’, ‘మశీదువారికి’ అనే మూడు రూపాలూ ఒకే మాట అని దానికి నేర్పాలి. తెలుగులో ఇది ఇంగ్లీషులో కంటె చాలా కష్టం. మన భాషలో మాట వెంట మాట అతుక్కుని నడుస్తుంది, సంధి కలిస్తే మొదటి మాట తోకో, రెండో మాట తలో మారిపోవచ్చు.

అయితే ఏది నలక, ఏది పోగు అన్నది పత్రాన్ని బట్టి మారుతుంది. దీనికి ‘వగైరా’ అన్న మాటే మంచి ఉదాహరణ. మామూలు వ్యాసంలో దాన్ని తీసివేస్తే నష్టం లేదు. ఇనాం కాగితంలో ‘షేక్ ఉసేను సాయిబు వగైరా’ అని ఉంటే, ఆ ‘వగైరా’లో ఒక కుటుంబమంతా ఉంది. హక్కుదార్లు ఒకరు కాదు, కొందరు అని ఆ మాట సాక్ష్యం చెబుతున్నది. యంత్రం దాన్ని ఊడ్చి పారేస్తే ఆస్తి ఒక్కరి పేర నిలుస్తుంది. ఈ సంగతి రెవెన్యూ కాగితాలు చూసిన గుమాస్తాకు తెలుసు, ఎంతో తెలివిగల ఇంజనీరుకు తెలియకపోవచ్చు.

ఏ మాటకు ఎంత విలువ ఇవ్వాలి అన్నదానికి ఒక చక్కని లెక్క ఉంది. 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే ఆంగ్ల విదుషీమణి దాన్ని ప్రతిపాదించింది. అన్ని కాగితాల్లోనూ కనిపించే మాట ఏ కాగితాన్నీ గుర్తు పట్టడానికి పనికిరాదు. కొద్ది కాగితాల్లోనే కనిపించే మాట విలువైనది. మన పెట్టెలో ‘శ్రీకాకుళం’ ప్రతి కాగితంలోనూ ఉంటే దాని వల్ల ఉపయోగం లేదు. ఒక చెరువు పేరు మూడు కాగితాల్లోనే ఉంటే ఆ మూడూ ఒకచోట పెట్టి చూడదగినవి.

ఇక తేదీలు. ఒక కాగితంలో ‘1272’ అని మాత్రమే ఉందనుకుందాం. హిజ్రీ అయితే అది క్రీ.శ. 1855–56. ఫసలీ అయితే 1862–63. మధ్య ఏడేళ్ళ తేడా. మద్రాసు రాజధానిలో ఇనాం హక్కులను విచారించడానికి కమిషన్ ఏర్పడింది 1858లో. అంటే మొదటి లెక్కన ఈ కాగితం కమిషన్‌కు ముందుది, రెండో లెక్కన తరువాతిది. ఒక కాగితం సాక్ష్యమా, కేవలం నకలా అన్నది ఈ ఏడేళ్ళ మీద ఆధారపడవచ్చు. అదే కాగితంలో ‘దుందుభి’ అన్న సంవత్సర నామం కూడా ఉంటే చిక్కు విడిపోతుంది. దుందుభి ఒక్కటే అయితే 1802, 1862, 1922 మూడింటిలో ఏదైనా కావచ్చు. ఫసలీ 1272తో కలిపి చూస్తే 1862 జూలై నుండి 1863 మార్చి లోపల అని తేలుతుంది. ఇటువంటి లెక్క కంప్యూటరుకు క్షణంలో పని. కాని ఆ అంకె హిజ్రీ కావచ్చు, ఫసలీ కావచ్చు అన్న అనుమానం దానికి ముందు మనం కలిగించాలి.

ఊళ్ళ పేర్లు మరొక చిక్కు. శ్రీకాకుళం పాత ఇంగ్లీషు కాగితాల్లో ‘చికాకోల్’. అది 1936 వరకు గంజాం జిల్లాలోది, ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలోది, 1950 ఆగస్టు 15 నుండి స్వంతంగా జిల్లా. కనుక ఒకే మసీదు గురించి మూడు జిల్లాల పేర్ల కింద కాగితాలు ఉండవచ్చు. ఇది ఒకే ఊరికి అనేక పేర్లు. దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది. కృష్ణా తీరాన, ఆంధ్ర మహావిష్ణువు ఆలయం ఉన్న ఊరి పేరు కూడా శ్రీకాకుళమే. తమిళనాడులో శ్రీపెరుంబుదూరు దగ్గర పొందూర్ అనే ఊరు ఉంది; మద్రాసు రాజధాని కాలపు జాబితాలో అది మా పొందూరుతో కలిసిపోవడం ఎంతసేపు? ఒకటిని రెండుగా లెక్కించడం, రెంటిని ఒకటిగా కలపడం: ఈ విద్యలో జరిగే పెద్ద తప్పులు ఈ రెండే.

ఇక్కడికి వచ్చేసరికి హదీసు శాస్త్రం చదివిన పాఠకుడికి ఇదంతా ఎక్కడో విన్నట్లు అనిపించాలి. దైవప్రవక్త (స) మాటలను సేకరించిన పండితుల ముందున్నది కూడా గడులు లేని సమాచార రాశే. ఒక్కొక్క హదీసుకు ముందు ఎవరి నుండి ఎవరు విన్నారో చెప్పే పేర్ల వరుస, అంటే సనదు ఉండేది. ఆ పేర్లలో ఒకే పేరుగల పలువురు, పలు పేర్లుగల ఒక్కరు. వార్త తెచ్చినవాణ్ణి పరిశీలించమన్న అల్ హుజురాత్ సూరాలోని ఆదేశం (49:6) వారికి కేవలం సూక్తి కాదు, దినచర్య.

ఒక ఉదాహరణ చూద్దాం. కొన్ని సనదుల్లో ‘హమ్మాద్’ అని మాత్రమే ఉంటుంది, తండ్రి పేరు ఉండదు. బస్రా నగరంలో ఒకే కాలంలో ఇద్దరు హమ్మాదులు ఉండేవారు: హమ్మాద్ ఇబ్ను సలమా (మరణం హి. 167), హమ్మాద్ ఇబ్ను జైద్ (మరణం హి. 179). ఇద్దరికీ ఉమ్మడి గురువులు అనేకులు. ఆ పేరు ఎవరిదో తేల్చడం ఎలా? ముహద్దిసులు పేరును వదిలి పక్కవారిని చూశారు. హమ్మాద్ నుండి విన్నది సులైమాన్ ఇబ్ను హర్బ్ అయితే ఆ హమ్మాద్ ఇబ్ను జైద్. విన్నది మూసా ఇబ్ను ఇస్మాయీల్ తబూజకీ అయితే ఇబ్ను సలమా. శిష్యుణ్ణి బట్టి గురువు తెలుస్తాడు. ఈనాడు కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఒకే పేరుగల ఇద్దరిని వేరు చేయడానికి, వారి చుట్టూ ఎవరెవరి పేర్లు వస్తున్నాయో వల గీసి చూస్తారు. అది ఇదే పద్ధతి.

ఖతీబ్ బగ్దాదీ (మరణం హి. 463, క్రీ.శ. 1071) ఈ రెండు తప్పుల మీద విడివిడిగా గ్రంథాలు రాశాడు. పేరు ఒకటై మనుషులు వేరైనవారి గురించి ‘అల్ ముత్తఫిఖ్ వల్ ముఫ్తరిఖ్’. ఒకరిని ఇద్దరుగా, ఇద్దరిని ఒకరుగా పొరబడిన సందర్భాల గురించి ‘మూదిహ్ అవ్‌హామిల్ జమ్ఇ వత్తఫ్రీఖ్’. ఈ రెండోదానిలో ఇమాం బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) అంతటివారి ‘తారీఖుల్ కబీర్’ను కూడా ఆయన పరీక్షకు పెట్టాడు. పెద్దల పట్ల గౌరవం, పెద్దల రాతను పరీక్షించడం రెండూ పొసగుతాయనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఈ గ్రంథాలు మనకు దూరపువి అనుకోవడం పొరపాటు. 1888లో హైదరాబాదులో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఇబ్ను హజర్ ‘తహ్జీబుత్తహ్జీబ్’ను పన్నెండు సంపుటాలలో 1907–1909 మధ్య అచ్చువేసింది. ఇబ్ను అబీ హాతిం ‘అల్ జర్హ్ వత్తఅదీల్’, ఇమాం బుఖారీ ‘తారీఖుల్ కబీర్’, సమ్ఆనీ ‘అల్ అన్సాబ్’ కూడా అక్కడివే. ఖతీబ్ ‘మూదిహ్’ కూడా 1959లో ఆ ముద్రణాలయం నుండే వెలువడింది. దాని పరిష్కర్త యమన్ దేశపు అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ. ఆయన సుమారు పాతికేళ్ళు హైదరాబాదులో రాతప్రతులు పోల్చి చూసే పనిలో గడిపి, తరువాత మక్కా వెళ్ళి హరం గ్రంథాలయంలో పనిచేశాడు. తెలుగు నేల మీద, మూసీ నది ఊళ్ళో, పేర్ల చిక్కు విడదీయడం ఒక ఉద్యోగంగా సాగింది. మన పాఠశాలల్లో ఈ మాట ఎవరూ చెప్పరు.

అలా అచ్చైన పుస్తకాలు ఈనాడు యంత్రం చదివే అక్షరాలుగా మారాయి. మాక్సిం రొమానోవ్ అనే పరిశోధకుడు జహబీ (మరణం హి. 748) రచించిన ‘తారీఖుల్ ఇస్లాం’లోని సుమారు 30,000 జీవిత చరిత్రలను కంప్యూటరు చేత చదివించి 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. ఆయన చూసినవి ముఖ్యంగా మరణ సంవత్సరాలు, నిస్బాలు. నిస్బా అంటే బగ్దాదీ, నైసాబూరీ వంటి ఊరి పేరో, వృత్తి పేరో. ఒక్కొక్కటి చిన్న సంగతే. ముప్పై వేలు ఒకచోట పేర్చితే ఏ శతాబ్దంలో విద్య ఏ నగరం నుండి ఏ నగరానికి తరలిందో కనిపిస్తుంది. జహబీ అది ఎక్కడా ఒక వాక్యంగా రాయలేదు. స్వాన్సన్ చేపనూనె సంగతి వంటిదే ఇదీ.

ఇంత మెచ్చుకున్న తరువాత యంత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పాలి. దానికి కూడా జర్హ్, తఅదీల్ ఉన్నాయి. అంటే రావీని పరీక్షించినట్టే యంత్రాన్నీ పరీక్షించాలి. సమాధానాలు మనకు ముందే తెలిసిన కొన్ని కాగితాలు దానికి ఇచ్చి చూడాలి. వాటిలో వంద సర్వే నంబర్లు ఉన్నాయనుకుందాం. యంత్రం తొంభై తీసింది, అందులో సరైనవి ఎనభై ఒకటి. తీసినవాటిలో సరైనవి నూటికి తొంభై. ఉన్నవాటిలో తీయగలిగినవి నూటికి ఎనభై ఒకటి. ఈ రెండు లెక్కలూ వేర్వేరు. అమ్మేవాడు మొదటిది చెప్పి ఊరుకుంటే రెండోది మనం అడగాలి.

వక్ఫ్ విషయంలో ఈ రెండు తప్పులకు రెండు రకాల బాధితులు ఉన్నారు. పందొమ్మిది నంబర్లు దొరకకపోతే అల్లాహ్ పేర విడిచిన భూమి లెక్కలోంచి జారిపోతుంది. తొమ్మిది నంబర్లు తప్పుగా దొరికితే పొరుగు రైతు పొలం మన జాబితాలోకి వస్తుంది. జానెడు నేలను అన్యాయంగా తీసుకున్నవాడి గురించిన హదీసు మనందరికీ తెలిసినదే. యంత్రం తీసింది, మేము ఎక్కించాము అన్న సమాధానం ఆ రైతు ముందు చెల్లదు. ఈ వ్యాసకర్త దృష్టిలో రెండో తప్పే ఎక్కువ భయపడదగినది. మొదటి తప్పును తరువాత కాగితం చూపి సరిదిద్దే ఆశ ఉంటుంది. రెండోది ఒక ఊళ్ళో ఇరుగుపొరుగు మధ్య పడ్డ మచ్చ.

మాటలు తానే అల్లి సమాధానం చెప్పే కొత్తరకం యంత్రాలు ఇటీవల వచ్చాయి. అవి కాగితాన్ని చదవడంలో పాతవాటికంటె చాలా నేర్పుగలవి. కాని గడి ఖాళీగా ఉంటే వాటికి తోచదు. కాగితంలో లేని విస్తీర్ణాన్ని కూడా ఉన్నంత ధీమాగా నింపివేయగలవు. హదీసు చరిత్రలో ఇటువంటి రావీలు లేకపోలేదు. అబద్ధపు హదీసులు అల్లిన ముహమ్మద్ ఇబ్ను సయీద్ అనే సిరియా దేశీయుణ్ణి ఖలీఫా మన్సూర్ కాలంలో మరణశిక్షకు గురి చేశారు. ఆ తరువాత కూడా అతని నుండి విన్నదాన్ని చెప్పదలచినవారు అతని పేరును నూరు రకాలకు పైగా మార్చి చెప్పారని పండితులు రాశారు. అటువంటివాణ్ణి పట్టుకున్నది సనదే. ‘నీకు ఎవరు చెప్పారు?’ అన్న ప్రశ్నకు జవాబు లేని మాటను వారు తీసుకోలేదు.

కనుక పెట్టెలోని కాగితాల పని మొదలుపెట్టేవారు ముందుగా ప్రతి కాగితానికి పెన్సిలుతో ఒక నంబరు వేయాలి. యంత్రం నింపే పట్టికలో ప్రతి గడి పక్కన ఇంకొక గడి ఉండాలి: ఏ కాగితం, ఎన్నో పుట, ఎన్నో పంక్తి. అది నిండకపోతే మొదటి గడిని కొట్టివేయాలి. పేర్లను మార్చి ఒక్క రూపంలో రాసినా, ఉసేను, హుసేన్, హుస్సేన్ అని కాగితంలో ఎలా ఉందో ఆ రూపం కూడా పక్కనే ఉంచాలి. ఒకరే అని ఈనాడు కలిపినవారిని రేపు విడదీయవలసి రావచ్చు. ఎకరాలుగా మార్చిన విస్తీర్ణం పక్కన పుట్టి అనో, కుంచం అనో ఉన్న పాత కొలతనూ అలాగే ఉంచాలి. రెండు కాగితాలు రెండు మాటలు చెబితే రెండూ రాయాలి, తీర్పు చెప్పవద్దు. సాక్ష్యం చాలనప్పుడు ఆగిపోవడానికి మన పండితులు తవఖ్ఖుఫ్ అనే పేరు పెట్టి దాన్ని కూడా ఒక విద్వల్లక్షణంగా పరిగణించారు. పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంటుంది.

మరొక చిన్న సంగతి. ఫొటోలు తీసేటప్పుడు కాగితం వెనక వైపు కూడా తీయాలి. చాలామంది రాత ఉన్న వైపు తీసి ఊరుకుంటారు. స్టాంపు ఎవరికి, ఏ తేదీన అమ్మారు, రిజిస్ట్రారు కచేరీలో ఏ పుస్తకంలో ఎన్నో నంబరుగా నమోదైంది అన్నవి తరచు ఆ వెనక వైపునే ఉంటాయి.